క్రాస్ గోడ బొమ్మలో ఎందుకు చిన్నదవుతుంది?
ఎలివేషన్ గీసేది సాఫ్ట్‌వేరే.. దాన్ని చదవడానికి కావాల్సింది మాత్రం మన పిల్లలు తెలుగులో నేర్చుకునే పదో తరగతి గణితం

కొత్త ఇల్లు చూసొచ్చినవాళ్లు ‘ఎలివేషన్ బాగా కుదిరింది’ అంటుంటారు. వాళ్ల ఉద్దేశంలో ఎలివేషన్ అంటే ఇంటి ముందు భాగానికి చేసిన సోకు. రంగులు, టైల్స్, గాజు పలకలు, బాల్కనీ గ్రిల్లు.. అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. సినిమావాళ్లయితే హీరోను గొప్పగా చూపించడాన్ని కూడా ఎలివేషనే అంటారు. సివిల్ డిప్లొమాలోనో, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులోనో చేరిన పిల్లలకు ఇదే మాట వేరే అర్థంతో ఎదురవుతుంది. అక్కడ ఎలివేషన్ అంటే అలంకారం కాదు. ఇంటికి సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే కనిపించేదాన్ని కొలతలతో గీసిన బొమ్మ. ఇంటికి నాలుగు వైపులుంటే నాలుగు ఎలివేషన్లు. వెనక వైపు సున్నం కూడా వేయని గోడకూ ఒక ఎలివేషన్ ఉంటుంది.

గోడలన్నీ మూలమట్టానికి సరిపోయినంత కాలం ఈ బొమ్మలతో చిక్కు లేదు. చిక్కంతా గోడ ఓరగా తిరిగినప్పుడే వస్తుంది. రోడ్డు వంపు మీద ఉన్న స్థలం, రెండు వీధులు కలిసేచోట వాహనాలు తిరగడానికి మూల కోసి వదలాల్సిన స్థలం, ముందు గదికి మూడు పలకలుగా బయటికి పొడుచుకొచ్చిన కిటికీ.. వీటన్నిటిలోనూ కనీసం ఒక గోడ మిగతావాటికి లంబంగా ఉండదు. మేస్త్రీల మాటలో అది ‘క్రాస్’. కంప్యూటర్‌లో ఆ ఇంటి ఎలివేషన్ తీయగానే క్రాస్ గోడ దాని అసలు పొడవు కంటే తక్కువగా కనిపిస్తుంది. చాలామంది పిల్లలు దీన్ని సాఫ్ట్‌వేర్ చేసిన తప్పనుకుంటారు. మరికొందరు బొమ్మలో ఉన్నదే నిజమని నమ్మి అదే కొలత రాసుకుంటారు. మొదటివాళ్లకు పోయేది కాస్త సమయం. రెండోవాళ్ల వల్ల పోయేది ఇల్లు కట్టించుకునేవాళ్ల డబ్బు.

ఎత్తు నిజం.. వెడల్పు నీడ

బొమ్మలో గోడ ఎందుకు తగ్గింది? ఎలివేషన్ ఒక రకం నీడ లాంటిది. ఇంటి ముందు ఒక పెద్ద అద్దం నిలువుగా పెట్టారనుకోండి. ఇంట్లోని ప్రతి బిందువు నుంచి ఆ అద్దం మీదికి లంబంగా ఒక గీత వస్తుంది. ఆ గీతలు అద్దాన్ని తాకిన చోట్లన్నీ కలిపితే వచ్చేదే ఎలివేషన్. గణితం పుస్తకాల భాషలో ఇది లంబ విక్షేపం. గోడ అద్దానికి సమాంతరంగా ఉంటే ఉన్న పొడవంతా అద్దం మీద పడుతుంది. గోడ తిరిగినకొద్దీ ఆ పొడవు తగ్గుతుంది. పూర్తిగా 90 డిగ్రీలు తిరిగితే ఒక నిలువు గీతే మిగులుతుంది.

ఎంత తగ్గుతుందో చెప్పేది పదో తరగతి త్రికోణమితి. గోడ అసలు పొడవును అది తిరిగిన కోణపు కొసైన్‌తో గుణిస్తే బొమ్మలో కనిపించే పొడవు వస్తుంది. 12 అడుగుల గోడను తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

తిరగకపోతే: 12 అడుగులు
15 డిగ్రీలు తిరిగితే: సుమారు 11.6 అడుగులు
30 డిగ్రీలు: సుమారు 10.4 అడుగులు
45 డిగ్రీలు: సుమారు 8.5 అడుగులు
60 డిగ్రీలు: 6 అడుగులు

ఇందులో గమనించాల్సింది రెండు సంగతులు. మొదటిది, తగ్గుదల ఒకే తీరున జరగదు. మొదటి 15 డిగ్రీలకు అర అడుగు కూడా తగ్గని గోడ, చివరి 15 డిగ్రీలకు రెండున్నర అడుగులు తగ్గింది. అందుకే కొద్దిగా క్రాస్ ఉన్న గోడ విషయంలో పొరపాటు కంటికి దొరకదు. రెండోది, ఎత్తు మారదు. గోడ నిలువుగా ఉన్నంత వరకు ఎటు తిరిగినా పదడుగుల ఎత్తు పదడుగులే. కాబట్టి క్రాస్ గోడ ఎలివేషన్‌లో నిలువు కొలతలను నమ్మవచ్చు, అడ్డ కొలతలను నమ్మకూడదు. ఈ ఒక్క వాక్యం పిల్లల నోట్‌బుక్‌లో ఉంటే చాలు, సగం తప్పులు తగ్గుతాయి.

ఒకే గోడ.. మూడు లెక్కలు

తూర్పున, దక్షిణాన వీధులున్న మూల స్థలం తీసుకుందాం. ఆగ్నేయం మూలను 45 డిగ్రీలకు కోసి, అక్కడ 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ కట్టారు. దానికి బయటి వైపు రాతి పలకలు అంటించాలి. విస్తీర్ణం 12 × 10 = 120 చదరపు అడుగులు. ఇది అసలు లెక్క.

ఇప్పుడు ప్లాన్ పక్కన పెట్టి, ఎలివేషన్లు మాత్రమే చూసి లెక్క వేసేవారి సంగతి చూద్దాం. తూర్పు ఎలివేషన్‌లో ఆ గోడ 8.5 అడుగులుగా కనిపిస్తుంది. దాని ప్రకారం పలకలు తెస్తే 85 చదరపు అడుగులకే సరిపోతాయి. ఇంకా 35 చదరపు అడుగులకు తక్కువ. ఈసారి తెచ్చిన పలకల రంగు మొదటివాటితో కలవకపోతే అది ఇంకో తలనొప్పి. మరొకరు జాగ్రత్తపరులు. నాలుగు ఎలివేషన్లూ ముందేసుకుని అన్నిటి విస్తీర్ణాలూ కూడారు. కానీ ఆ క్రాస్ గోడ తూర్పు ఎలివేషన్‌లోనూ ఉంది, దక్షిణ ఎలివేషన్‌లోనూ ఉంది. రెండుచోట్లా 85 చొప్పున 170 చదరపు అడుగులైంది. అంటే 50 చదరపు అడుగుల రాయి అదనంగా కొన్నట్టు. ఒకే గోడకు 85, 120, 170 అని మూడు లెక్కలు వచ్చాయి. బొమ్మల్లో ఏదీ తప్పు కాదు. చదివిన తీరే తప్పు.

ఇక్కడ తరగతిలో చెప్పడానికి పనికొచ్చే చక్కటి లెక్క ఒకటుంది. పక్కపక్కనున్న రెండు ఎలివేషన్లలో ఆ గోడ వెడల్పులు తెలిస్తే అసలు పొడవును తిరిగి రాబట్టవచ్చు. గోడ తూర్పు ముఖం నుంచి 30 డిగ్రీలు తిరిగి ఉంటే, తూర్పు ఎలివేషన్‌లో 10.39 అడుగులు, దక్షిణ ఎలివేషన్‌లో 6 అడుగులు కనిపిస్తుంది. 10.39 వర్గం దాదాపు 108, 6 వర్గం 36. రెండూ కలిపితే 144. దాని వర్గమూలం 12. పైథాగరస్ సిద్ధాంతం ఇంటి గోడ మీదే నిలబడి కనిపిస్తుంది.

కిటికీ, వెంటిలేటర్, పైకప్పు

గోడ తగ్గితే గోడలో ఉన్నవీ తగ్గుతాయి. 45 డిగ్రీల గోడలో 4 అడుగుల వెడల్పు కిటికీ ఎలివేషన్‌లో 2 అడుగుల 10 అంగుళాలుగా కనిపిస్తుంది. ఆ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచి అల్యూమినియం ఫ్రేము చేయిస్తే 14 అంగుళాలు తక్కువవుతుంది. 2 అడుగుల గుండ్రటి వెంటిలేటర్ ఎత్తు 2 అడుగులుగానే ఉంటుంది, వెడల్పు మాత్రం 1 అడుగు 5 అంగుళాలకు తగ్గి దీర్ఘవృత్తంగా మారుతుంది. ‘నేను వృత్తమే గీశాను, కంప్యూటర్ నొక్కేసింది’ అని పిల్లలు కంగారు పడేది ఇక్కడే. నొక్కడమే సరైనది. ఎలివేషన్‌లో ఆ వెంటిలేటర్ గుండ్రంగానే కనిపిస్తే అప్పుడు అనుమానించాలి.

పెంకుటింటి పైకప్పులో ఇంకో వింత కనిపిస్తుంది. క్రాస్ గోడ మీద త్రిభుజాకారంలో ముగిసే కప్పు ఉందనుకుందాం. దాని అసలు వాలు 30 డిగ్రీలు. గోడ 45 డిగ్రీలు తిరిగి ఉంటే, ఎలివేషన్‌లో ఆ వాలు దాదాపు 39 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఎత్తు అంతే ఉండి అడుగు తగ్గింది కాబట్టి వాలు నిటారుగా తేలింది. బొమ్మ మీద కోణమానిని పెట్టి వడ్రంగికి వాలు చెబితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌తో పని ఇలా

పరిష్కారం ఒక్కటే. ఏ గోడ కొలత కావాలో ఆ గోడకు ఎదురుగా నిలబడాలి. ఆగ్నేయం మూలలోని గోడకు తూర్పు, దక్షిణ ఎలివేషన్లతో పాటు ‘ఆగ్నేయ ఎలివేషన్’ అని మరొకటి గీయాలి. అందులో 12 అడుగులు 12గానే ఉంటాయి. ఈ పని ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో తీరుగా జరుగుతుంది.

లిబ్రేక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది, రెండు కొలతల బొమ్మలే గీస్తుంది కాబట్టి బడిలోని సాధారణ కంప్యూటర్ మీద కూడా నేర్పవచ్చు. ముందు ప్లాన్ గీయాలి. దాని నకలు తీసి, మనకు కావాల్సిన గోడ అడ్డంగా వచ్చేదాకా తిప్పాలి. గోడ చివర్లు, కిటికీ అంచుల నుంచి నిలువు గీతలు దించాలి. ఆ గీతల మీద నేల మట్టం, కిటికీ అడుగు, లింటెల్, సజ్జ, శ్లాబు ఎత్తులు గుర్తిస్తే ఎలివేషన్ సిద్ధమవుతుంది. ప్రతి గీత ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు కళ్లముందే తెలుస్తుంది. నేర్చుకోవడానికి ఇదే మంచి దారి.

స్కెచప్‌లో ముందు ఇంటి నమూనానే కడతారు. కెమెరా మెనూలో ‘పారలల్ ప్రొజెక్షన్’ ఎంచుకుని ఎదుటి చూపు పెట్టాలి. ‘పర్‌స్పెక్టివ్’ అలాగే ఉంటే దూరంగా ఉన్నవి చిన్నవిగా కనిపించి బొమ్మ ఫొటోలా తయారవుతుంది. దాని మీద కొలతలు తీయకూడదు. క్రాస్ గోడ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘అలైన్ వ్యూ’ అంటే ఆ గోడకే సరిగ్గా ఎదురుగా చూపు తిరుగుతుంది.

ఫ్రీక్యాడ్ కూడా ఉచితమే. ముందు క్రాస్ గోడ ముఖాన్ని ఎంచుకుని, టెక్‌డ్రా విభాగంలో కొత్త చూపు చేరిస్తే, ఆ ముఖానికి ఎదురుగా ఉన్న బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఆటోక్యాడ్‌లో అక్షాలను గోడ వెంబడి తిప్పి, ‘ఫ్లాట్‌షాట్’ ఆదేశంతో త్రిమితీయ నమూనాను చదును బొమ్మగా మార్చవచ్చు. రెవిట్‌లో ప్లాన్ మీద పెట్టే ఎలివేషన్ గుర్తుకు బాణం ఉంటుంది. ఆ బాణం గోడకు లంబంగా ఉందో లేదో చూసుకోవాలి.

కొలతలు వేసే పనిముట్లోనూ ఒక మెలిక ఉంది. ‘లీనియర్’ కొలత అడ్డంగానో నిలువుగానో ఉన్న దూరాన్ని చెబుతుంది. ‘అలైన్డ్’ కొలత గీత వెంబడి ఉన్న అసలు పొడవును చెబుతుంది. ప్లాన్‌లో క్రాస్ గోడకు లీనియర్ కొలత వేస్తే 8.5, అలైన్డ్ వేస్తే 12. ఒకే గీత మీద రెండూ వేయించి, తేడా ఎందుకొచ్చిందో పిల్లల చేతే చెప్పించండి. కొసైన్ సూత్రం ఇక మరిచిపోరు.

గోడలు ఒకటీ రెండూ కాక వరసగా మలుపులు తిరిగితే ‘విప్పిన ఎలివేషన్’ గీస్తారు. అట్టపెట్టెను విప్పి చదును చేసినట్టు, గోడలన్నిటినీ ఒకే వరసలో పరిచి గీసే బొమ్మ ఇది. పిల్లలు గణితంలో నేర్చుకునే ఘనాకారాల వల రూపాలకు ఇది అన్న లాంటిది. టైల్స్, రాతి పలకల లెక్కకు ఇంతకంటే సుఖమైన దారి లేదు.

కోట గోడల నుంచి వచ్చిన శాస్త్రం

ఇలా ఒక వస్తువును వేర్వేరు దిక్కుల నుంచి లంబంగా చూసి గీయడాన్ని కట్టుదిట్టమైన శాస్త్రంగా మలిచినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గాస్పార్ మోంజ్ (1746-1818). మెజియేర్‌లోని సైనిక ఇంజినీరింగ్ పాఠశాలలో పనిచేసేటప్పుడు, శత్రువు ఫిరంగుల చూపుకు అందకుండా కోట గోడలు ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలన్న సమస్య ఆయన ముందుకొచ్చింది. అప్పటిదాకా పొడవైన అంకెల లెక్కలతో తేల్చేదాన్ని ఆయన గీతలతో తేల్చాడు. ఆ పద్ధతిని చాలా ఏళ్లు సైనిక రహస్యంగా దాచారు. 1795లో పారిస్‌లో పాఠాలుగా చెప్పాడు, 1799లో పుస్తకంగా వచ్చింది. ఓరగా ఉన్న తలాల అసలు కొలతలు రాబట్టడం ఆ శాస్త్రంలో ముఖ్యమైన పాఠం. నేటి సాఫ్ట్‌వేర్లన్నిటి కడుపులో ఉన్నది ఈ జ్యామితే.

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ బడులు, కళాశాలల కోసం వెలువరించిన ఎస్‌పీ 46 పుస్తకం ‘ఫస్ట్ యాంగిల్’ పద్ధతిని అనుసరిస్తుంది. అందులో ఎదుటి చూపు పైన, పై చూపు దాని కింద వస్తాయి. అమెరికాలో వాడేది ‘థర్డ్ యాంగిల్’. అక్కడ పై చూపు పైనే ఉంటుంది. అమెరికన్ వీడియోలు చూసి నేర్చుకున్న పిల్లలు ఇక్కడి పరీక్షలో బొమ్మలను తారుమారుగా పెట్టే ప్రమాదం ఉంది. ఫ్రీక్యాడ్ లాంటి వాటిలో ఈ పద్ధతిని ముందే ఎంచుకునే వీలుంది. తరగతి మొదటి రోజే అది సరిచేసి పెట్టాలి.

గుడి గోడ ముందు ఒక పాఠం

క్రాస్ గోడ కొత్త ఫ్యాషనేమీ కాదు. మైసూరుకు దగ్గరలోని సోమనాథపుర కేశవాలయం 1258 నాటిది. దాని మూడు గర్భగుడులూ పదహారు కోణాల నక్షత్రాకారంలో ఉంటాయి. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి నిలబడిన అరుగు కూడా నక్షత్రాకారమే. కర్ణాటకలోని మన బడులు విహారయాత్రకు సోమనాథపురం వెళ్తే పిల్లలతో ఒక పని చేయించండి. గుడికి ఒకచోట ఎదురుగా నిలబడి, మలుపులు తిరిగిన గోడలో ఏ ముఖం వెడల్పుగా, ఏ ముఖం సన్నగా కనిపిస్తోందో గీయమనండి. తర్వాత అరుగు మీద నడుస్తూ ఒక్కో ముఖానికి ఎదురుగా వెళ్లి మళ్లీ చూడమనండి. ఇందాక సన్నగా కనిపించిన ముఖం మీద శిల్పం ఇప్పుడు నిండుగా కనిపిస్తుంది. శిల్పి ఆ విగ్రహాన్ని దాని ముఖానికి ఎదురుగా వచ్చేవారి కోసమే చెక్కాడు. ప్రతి గోడకూ దాని ఎలివేషన్ విడిగా ఉంటుందన్న పాఠం ఇంతకంటే బాగా చెప్పలేం.

తరగతి గదిలో మూడు పనులు

కంప్యూటర్ లేని బడిలోనూ ఈ పాఠం ఆగిపోనక్కర్లేదు.

మొదటిది, ఎండలో అట్ట ముక్క. సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి ఈ ప్రయోగానికి టార్చిలైటు కంటే ఎండ మేలు. ఉదయం పూట ఒక తెల్ల అట్టను సూర్యుడికి సరిగ్గా ఎదురుగా పట్టుకోవాలి. దాని ముందు 20 సెంటీమీటర్ల వెడల్పు ముక్కను పట్టుకుని నీడ కొలవాలి. ముక్కను అక్కడే నిలువు గీత చుట్టూ తిప్పుతూ పోతే నీడ వెడల్పు 30 డిగ్రీలకు 17.3, 45కు 14.1, 60కి 10 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. నీడ ఎత్తు మారదు.

రెండోది, అష్టభుజి ఇల్లు. ఒక్కో వైపు 10 అడుగులున్న ఎనిమిది పలకల గదికి ఎదుటి ఎలివేషన్ గీయమనండి. మూడు గోడలు కనిపిస్తాయి కాబట్టి మొత్తం వెడల్పు 30 అడుగులని చాలామంది అంటారు. మధ్య గోడ 10 అడుగులు, అటూ ఇటూ 7.07 చొప్పున.. మొత్తం 24.14 అడుగులే. మిగతా అయిదు గోడలు ఏమయ్యాయో అడగండి. రెండు అంచు గీతలుగా మారాయి, మూడు వెనక దాగాయి.

మూడోది, ఊళ్లో ఉన్న ఇల్లు. బడి చుట్టుపక్కల మూల కోసిన ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. యజమాని అనుమతితో టేపు పట్టుకుని వెళ్లి క్రాస్ గోడను కొలిచి, ఎదురు వీధి నుంచి దాని ఎలివేషన్‌ను చేత్తో గీసి, తర్వాతే కంప్యూటర్ మీద గీయించాలి. రెండూ సరిపోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడమే అసలు చదువు.

భాష మారినా లెక్క మారదు

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో, యానాంలోనో తెలుగులో చదువుకున్న పిల్లలు పై చదువుకు వెళ్లాక డ్రాయింగ్ తరగతిలో పాఠం ఇంగ్లిషులో మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ మెనూ కూడా ఇంగ్లిషే. అక్కడ తడబడి ‘మా చదువే తక్కువది’ అనుకునే ప్రమాదం ఉంది. తల్లిదండ్రుల మనసులోనూ ఆ గుబులు ఉంటుంది. కానీ మెనూలోని మాటలు ఓ ఇరవై, ముప్పై. వారం రోజుల్లో నోటికి వస్తాయి. గోడ తిరిగితే ఎందుకు తగ్గుతుందన్నది మాత్రం వారంలో వచ్చేది కాదు. అది లంబం, కోణం, కొసైన్ అన్న మాటలతో ఏళ్ల తరబడి కుదురుకునే ఆలోచన. మన బడిలో, మన భాషలో అది కుదిరితే మెనూ ఏ భాషలో ఉన్నా ఫర్వాలేదు. అందుకే ‘లంబ విక్షేపం’ అని చెప్పినప్పుడే ‘ఇంగ్లిషులో దీన్ని ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ అంటారు’ అని పక్కనే చెప్పడం మంచిది. ప్లాన్ అంటే పై చూపు, ఎలివేషన్ అంటే ఎదుటి చూపు, సెక్షన్ అంటే కోసి చూసిన చూపు అని జంటగా నేర్పితే పిల్లలకు రెండు మాటలూ మిగులుతాయి.

దారులూ చాలానే ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల కోర్సు. పాలిటెక్నిక్‌లలో సివిల్ డిప్లొమా. ఇంటర్ తర్వాత ఆర్కిటెక్చర్ చదవాలంటే నాటా పరీక్షో, జేఈఈ మెయిన్‌లోని రెండో పేపరో ఉంటుంది. ఆ పేపర్‌లో గణితంతో పాటు డ్రాయింగ్ భాగమూ ఉంటుంది. జేఈఈ మెయిన్‌ను తెలుగులోనూ రాయవచ్చు. వీటిలో ఏ దారి పట్టినా, ఒక వస్తువును మనసులో తిప్పి చూడగలగడం అడుగడుగునా కావాలి.

మీ అమ్మాయో, అబ్బాయో కంప్యూటర్ మీద ఇంటి బొమ్మ గీసి చూపిస్తే, రంగులు బాగున్నాయని మెచ్చుకోండి. తర్వాత మూలనున్న ఆ ఓర గోడ మీద వేలు పెట్టి ఒక్క ప్రశ్న అడగండి. ‘ఈ గోడ నిజంగా ఎంత పొడవు? ఎలా తెలుసు?’ వాళ్లు బొమ్మను కాక ప్లాన్‌ను తెరిచి చూపిస్తే, లేదా గోడకు ఎదురుగా ఇంకో బొమ్మ గీస్తే, పాఠం వంటబట్టినట్టే.